గోడ మీద రాయని పని

బోటు షెడ్డు,
వానలు మొదలైన వారం

అమ్మాయీ,

నువ్వూ, మనవరాలు గువ్వా క్షేమమని తలుస్తాను. పైన "చి.ల.సౌ." అని రాయబోయి ఆగిపోయాను. నీ పెళ్ళయిన దగ్గర్నుంచీ ఎప్పుడు రాసినా అదే అలవాటు. ఇప్పుడేం రాయాలో ఈ వయసులో కొత్తగా నేర్చుకోవాలి. "అమ్మాయీ" అంటే ఏ పేచీ ఉండదని అదే రాశాను.

ఫోనులో నాకు సగం వినపడదు, వినపడిన సగానికి "ఊఁ" అంటాను. నీకు విసుగు, నాకు సిగ్గు. అందుకే ఉత్తరం.

నిన్న బోటుని నీళ్ళలోంచి పైకి లాగించాం. రేవులో నలుగురు వచ్చి చెయ్యి వేశారు. ఏటా కేక వేసి లాగించేది మా అబ్బాయే కదా. ఈసారి నేను వేశాను.  లాగి, ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోయారు. వెనక అడుగున ఉండే బిరడా తీసేసి, ముక్కు కింద రెండు దుంగలు పెట్టి ఎత్తాను. షెడ్డు కప్పు ఎక్కడ కారినా వాననీళ్ళు లోపల నిలవకుండా వెనక్కి జారిపోతాయి. తీసిన బిరడా స్టీరింగుకే కట్టాను. లేకపోతే రేపు నాలాంటి మతిమరుపు మనిషి బిరడా లేకుండానే దించేస్తాడు.

అడుగంతా గుల్లలు పట్టి ఉంది. ఇనపరేకుతో గీకితే తొందరగా పోతాయి కానీ ఫైబరు మీద గీతలు పడతాయి. చెక్క గరిటెతో గీకుతున్నాను. మూడు రోజులకి సగం అయింది. నడుం నన్ను తిడుతోంది.

మా షెడ్డు గోడ సంగతి నీకు తెలుసు. జనాన్ని తిప్పే సీజనులో బోటుకి ఏ లోపం కనపడినా ఆ పూటే సుద్దముక్కతో గోడ మీద రాస్తాం. సీజను అయ్యాక ఒక్కొక్కటే చేసి కొట్టేస్తాం. మరీ పెద్ద లోపమైతే బోటు ఆపి అప్పుడే చేస్తాం. గోడ మీద ఉన్న పని చెయ్యకుండా బోటు నీళ్ళలోకి దిగదు. గోడ మీద లేని పని మాకు లేనట్టే. ఈ ఏడు పదకొండు ఉన్నాయి. వాటిలో ఏడు వాడి రాతే. "నాన్నా, వెనక సీటు బోల్టు వదులు, పోయినేడు లాగా మర్చిపోకు" అని ఒకటి. బోల్టు బిగించాను. రాసింది మాత్రం కొట్టెయ్యడానికి చెయ్యి రాలేదు.

ఒక విషయం. ఐసు ఫ్యాక్టరీ ఆయన బోటు తనకి ఇచ్చెయ్యమంటున్నాడు. కాగితాల ప్రకారం ఇప్పుడది నీది. నువ్వు ఎలా అంటే అలా. అమ్మమంటే కొత్త పెళ్ళికూతురిలా తయారుచేసి అప్పగిస్తాను.

ప్రమాదం మీద విచారణ ఆఫీసు నుంచి నీకూ కాగితం వచ్చే ఉంటుంది. నేను చదివి మడిచి పెట్టాను.

గువ్వ కొత్త బడిలో ఎవరితోనైనా కలిసిందా? పళ్ళు ఊడే వయసు, కొబ్బరి బిళ్ళలు కొరకనివ్వకు.

మామయ్య


కళ్ళద్దాల షాపు పైగది,
అదే నెల చివర

మామయ్యగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఒకసారి నా కోసం, ఒకసారి గువ్వ కోసం పైకి. కొబ్బరి బిళ్ళల దగ్గర అది మూతి ముడిచింది.

మేం బాగానే ఉన్నాం. అక్క వాళ్ళింట్లో ఎన్నాళ్ళని ఉంటాం? నేను పనిచేసే షాపు పైనే ఒక గది ఇచ్చారు. కిటికీ తెరిస్తే ఎదుటి మేడ వాళ్ళు పళ్ళు తోముకోవడం కనపడుతుంది. పని పట్టుబడుతోంది. అద్దాన్ని ఫ్రేము ఆకారానికి అరగదీసి బిగించాలి. వెంట్రుకవాసి ఎక్కువ అరిగితే వదులైపోతుంది, తక్కువైతే బిగించేటప్పుడు పగులుతుంది. రోజంతా తల వంచుకుని చేసే పని కాబట్టి ఎవరూ నా మొహం చూడరు. అది నాకు బాగుంది.

ఆ కాగితం నాకూ వచ్చింది. మీరు మడిచి పెట్టారు. నేను మడవలేకపోయాను, రోజూ తీసి చూస్తున్నాను. "ఇంజను ఆపే భద్రతా తాడును బెల్టుకు తగిలించుకోకపోవడం, అనగా నడుపు వ్యక్తి సొంత నిర్లక్ష్యం." అంతే రాశారు. ఒక మనిషి బతుకు ఒకటిన్నర పంక్తి.

మామయ్యా, నాకు ఏడుపు రావడం లేదు. కోపం వస్తోంది. ఆ ఎర్ర తాడు ఎంత పని? ఒక కొస బెల్టుకి, ఒక కొస స్టీరింగు పక్క స్విచ్చికి. మనిషి నీళ్ళలో పడితే తాడు ఊడి వస్తుంది, ఇంజను ఆగుతుంది. పెళ్ళైన కొత్తలో నన్ను బోటెక్కించి ఆయనే చూపించాడు. గువ్వ బూట్ల లేసులు కట్టడానికి పావుగంట కూర్చునే మనిషి, తన బెల్టుకి ఆ కొక్కెం తగిలించుకోలేకపోయాడా? మేం గుర్తు రాలేదా? మీ జాగ్రత్తలో పావు వంతు మీ అబ్బాయికి వచ్చి ఉంటే ఇవాళ నేను ఈ గదిలో ఉండేదాన్ని కాదు.

ఇలా రాయకూడదు, తెలుసు. మీరు కన్నతండ్రి. కానీ ఇంకెవరితో అనను?

గువ్వ సంగతి ఒకటి చెప్పాలి. జడ రిబ్బను విప్పి, బస్సులో తన చేతిని సీటు కమ్మీకి కట్టుకుంటోంది. దిగేటప్పుడు ముడి ఊడక రోజూ కండక్టరు అరుస్తున్నాడు. ఎందుకే అంటే, "నేను నాన్నలా నిర్లక్ష్యం చెయ్యను" అంది. ఎనిమిదేళ్ళ పిల్లకి ఆ మాట ఎక్కడిది? నా నోట్లోదే.

బోటు అమ్మెయ్యండి. దాన్ని మళ్ళీ చూడాలని లేదు.

మీ కోడలు


బోటు షెడ్డు,
వానలు మధ్యకొచ్చాక

అమ్మాయీ,

నీ ఉత్తరం అందింది. కోపం వస్తే నా మీదే పడెయ్యి. ఈ చెవుల్లోకి మాటలు ఎలాగూ సగమే పోతాయి.

నువ్వు అమ్మమన్నావు కాబట్టి ఇంజను పని మొదలుపెట్టాను. మంచినీళ్ళ డ్రమ్ములో దించి పావుగంట తిప్పాను, లోపలి ఉప్పు కడుక్కుపోవడానికి. గేరాయిలు విప్పితే పాలు కలిపిన టీలా వచ్చింది. అలా వస్తే లోపలికి నీళ్ళు పోతున్నట్టు. ఇంజను కింద నీళ్ళలో తిరిగే ఫ్యాను విప్పి చూద్దును కదా, ఇరుసుకి గాలం దారం చుట్టుకుని సీలుని కోసేసింది. వెంట్రుకంత దారం, వంద కిలోల ఇంజనుని తినేసేది. కొత్త సీలు వేశాను. ప్లగ్గులు తీసి లోపల నాలుగు చుక్కల నూనె పోసి చక్రం చేత్తో తిప్పాను, తుప్పు పట్టకుండా. లైఫ్ జాకెట్లు పద్నాలుగూ ఉతికి నీడన ఆరేశాను. బ్యాటరీ ఇంటికి తెచ్చి మంచం కింద పెట్టుకున్నాను. మీ అత్తయ్యే బతికి ఉంటే నన్నూ బ్యాటరీనీ కలిపి వీధిలో పెట్టేది.

గోడ మీద పదకొండింటిలో తొమ్మిది అయ్యాయి. మిగిలిన రెండూ చిన్నవే. అవి కాగానే గోడ మీద లేకపోయినా స్టీరింగు పక్క పలక విప్పి వైర్లు తుడుద్దామనుకుంటున్నాను. అమ్మే వస్తువు కదా, లోపల కూడా శుభ్రంగా

ఈ ఉత్తరం ఇక్కడ ఆపి తొమ్మిది రోజులైంది.

పలక విప్పాను. ఉప్పు పట్టి ఉంది.

ఐసు ఫ్యాక్టరీ ఆయనకి అప్పుడే మాట ఇవ్వకు. ఇంకొంచెం పని ఉంది. గువ్వని అలా కట్టుకోనివ్వకు. వాళ్ళ నాన్న నిర్లక్ష్యం మనిషి కాదని చెప్పు.

మామయ్య


కళ్ళద్దాల షాపు పైగది,
నెల తర్వాత

మామయ్యా,

మీ ఒంట్లో బాగుందా? అంత పొడుగ్గా మొదలుపెట్టి చివర నాలుగు ముక్కలు గిలికి పంపారు. తర్వాత నేను రాసిన కార్డుకి జవాబు లేదు. ఫోను చేస్తే "ఊఁ" కూడా అనలేదు.

నిన్న ఐసు ఫ్యాక్టరీ ఆయన నాకే ఫోను చేశాడు. "మీ మావగారు షెడ్డుకి తాళం వేసుకుని కూర్చున్నాడమ్మా. బోటు చూస్తానంటే గుమ్మంలోంచే పొమ్మన్నాడు. ఎన్నడూ ఒక్క మాట తూలని మనిషి, నా మీద అరిచాడు" అన్నాడు. మీరు అరవడమేమిటి? నా పెళ్ళయిన ఈ తొమ్మిదేళ్ళలో మీరు గొంతు పెంచడం నేను చూడలేదు.

బోటు వదులుకోవడం మీకు కష్టంగా ఉంటే ఆ మాట చెప్పండి. మీ చేతుల్లో పెరిగిన వస్తువు. నేను అర్థం చేసుకోలేనా? అంతేకానీ నాకు చెప్పకుండా మీలో మీరు కుమిలిపోకండి. మా ఇంట్లో ఏదీ దాచని మనిషి మీరొక్కరే. మీ అబ్బాయి అయితే జ్వరం కూడా దాచేవాడు.

వాళ్ళ నాన్న నిర్లక్ష్యం మనిషి కాదని గువ్వకి చెప్పమన్నారు. ఏ మొహంతో చెప్పను? కాగితం అది కాదంటోంది. నేనూ అబద్ధం చెప్పి దాన్ని పెంచలేను.

పోయిన వారం బడిలో "మా నాన్న" అని పది వాక్యాలు రాయమన్నారు. టీచరు పిలిచి నోటుబుక్కు చూపించింది. "మా నాన్న పొడుగ్గా ఉంటాడు. మా నాన్నకి ఈత వచ్చు. మా నాన్న మంచివాడు కానీ మాట వినడు. తాడు కట్టుకోమంటే కట్టుకోలేదు. అందుకని చచ్చిపోయాడు. నేను మాట వింటాను." మిగతా నాలుగు వాక్యాలూ ఖాళీ. టీచరు మార్కులు వెయ్యలేదు. వెయ్యలేకపోయానండీ అంది.

గువ్వకి "బాగా రాశావు" అని చెప్పి ఇంటికి తీసుకొచ్చాను. అది నా వైపు చూసి, "నాన్న మీద నీకు కోపం పోయాక చెప్పు, అప్పుడు ఫొటో గోడకి పెడదాం" అంది.

మీరు రాయండి మామయ్యా. ఏదైనా సరే రాయండి.

మీ కోడలు


బోటు షెడ్డు,
వానలు తగ్గుముఖం పట్టాక

అమ్మాయీ,

ఇది నాలుగో కాగితం. ముందు మూడూ చించేశాను. దీన్ని చించను.

గువ్వ రాసింది తప్పు. వాళ్ళ నాన్న తాడు కట్టుకున్నాడు. ఇంజను ఆగకపోవడానికి కారణం నేను.

వరసగా చెబుతాను. నన్ను తిట్టడానికైనా నీకు పూర్తిగా తెలియాలి.

సీజను మంచి ఊపు మీద ఉన్న రోజులు. ఆ తాడు తగిలించే స్విచ్చికి ఉప్పు పట్టి, తాడు ఊడకపోయినా ఇంజను ఉన్నట్టుండి ఆగిపోయేది. ఒక మధ్యాహ్నం పదిమందిని ఎక్కించుకుని వస్తుంటే నీటి నడుమ మూడుసార్లు ఆగింది. ఆ పూట నడిపింది నేను. వాడు ఒడ్డున టిక్కెట్ల దగ్గర ఉన్నాడు. జనం దిగిపోయాక పలక విప్పి, ఆ స్విచ్చికి వెళ్ళే వైరు పీకేసి, కొసకి నల్ల టేపు చుట్టి లోపలికి దోపేశాను. ఆ వైరు లేకపోతే స్విచ్చికీ ఇంజనుకీ సంబంధం ఉండదు. తాడు ఉన్నా ఊడినా ఇంజను తిరుగుతూనే ఉంటుంది. తాళం తిప్పితే మాత్రం మామూలుగానే ఆగుతుంది. అందుకని నడిపేవాడికి తేడా తెలియదు.

కొత్త స్విచ్చికి కబురు పెట్టాను. వారం పడుతుందన్నారు. అప్పుడు నేను చెయ్యవలసింది ఒక్కటే, సుద్దముక్క తీసుకుని గోడ మీద రాయడం. రాయలేదు. రాస్తే వాడు చూస్తాడు. చూస్తే కొత్త స్విచ్చి వచ్చేదాకా బోటు కదలనివ్వడు. ఏడాది మొత్తంలో జనం వచ్చేది ఆ నాలుగు వారాలే. వారం రోజులు నేనే నడిపేసి, స్విచ్చి రాగానే చడీచప్పుడు లేకుండా మార్చేస్తాను కదా అనుకున్నాను. ముప్ఫై నాలుగేళ్ళలో నేను గోడకి చెప్పకుండా దాచిన పని అదొక్కటే.

స్విచ్చి వారంలో రాలేదు. ఈలోగా నాకు నడుం పట్టేసి మంచం ఎక్కాను. నడపడం వాడి చేతికి వెళ్ళింది. చెప్పాలన్న సంగతే నాకు తట్టలేదు. అమ్మాయీ, ఇది సాకు కాదు, నిజంగా జరిగింది చెబుతున్నాను. ఇన్నేళ్ళుగా నా బుర్రని ఆ గోడకి అప్పగించేశాను. గోడ మీద లేనిది నా తలలో కూడా ఉండదు. రాయని పని నేను చెయ్యని పనిలా నాలోంచి పోయింది.

తర్వాతది నీకు తెలుసు. జనాన్ని దించి ఒంటరిగా తిరిగొస్తూ కాలువ సముద్రంలో కలిసే మొగ దగ్గర అలల్లో పడ్డాడు. అక్కడ ఇంజను ఆగి ఉంటే నాలుగు బారలు ఈది మళ్ళీ ఎక్కేవాడు. మనిషి లేని బోటు గుండ్రంగా తిరిగి వాడి మీదికే వచ్చింది. విచారణ ఆఫీసరు వచ్చేసరికి ఇంజను ఇంకా తిరుగుతోంది. స్టీరింగు దగ్గరి మేకుకి ఒక ఎర్ర తాడు వేలాడుతోంది. ఆయన ఆ రెండూ చూసి కాగితం రాసుకున్నాడు. మా బోటులో తాళ్ళు రెండు. మేకుకి ఉండేది అదనపుది. రెండోది ఏదీ అని ఆయన అడగలేదు. నేనూ అడగలేదు. ఇప్పుడు బోటంతా గాలించాను, ఎక్కడా లేదు. అంటే అది వాడి నడుముకే ఉంది.

ఇన్నాళ్ళూ గుర్తు రాలేదా అని నువ్వు అడుగుతావు. పలక విప్పేదాకా రాలేదు. రానివ్వలేదేమో కూడా, నాకు తెలియదు. పలక విప్పగానే నా టేపు కనపడింది. తర్వాత విప్పడానికి వీలుగా కొస మడిచి చుట్టడం నా అలవాటు. అలాగే మడిచి ఉంది. పలక మళ్ళీ బిగించి షెడ్డుకి తాళం వేశాను.

నేను తెప్పించిన స్విచ్చి వాడు పోయిన తొమ్మిదో రోజున వచ్చింది. ఏదో పార్సిల్ అని అప్పుడు పక్కన పడేశాను. ఇప్పుడు వెతికి తీశాను. రెండు నెలలుగా అది నా జేబులో ఉంది. బిగించడం పది నిమిషాల పని. బిగిస్తే ఎవరికీ ఏమీ తెలియదు. బోటు అమ్ముడైపోతుంది, సెలవులకి నువ్వు గువ్వని పంపుతావు, నన్ను మామయ్యా అని పిలుస్తూనే ఉంటావు. నాకు మిగిలింది మీరిద్దరే. మీరు పోతారని భయపడ్డాను. ఆ భయంతో, నువ్వు వాడిని అంటున్న మాటలన్నీ చదువుతూ నోరు మూసుకున్నాను. వాడి ప్రాణం పోయింది నా పొరపాటు వల్ల. కానీ ఈ రెండు నెలలూ వాడి మీద నింద ఉంచింది నేను తెలిసి చేసిన పని.

స్విచ్చి బిగించలేదు. వైరు ఎలా ఉందో అలాగే ఉంది. నువ్వు ఏం చెయ్యమంటే అది చేస్తాను. ఏమీ అనకపోయినా సరే.

ఫొటో గోడకి పెట్టమని గువ్వకి చెప్పు.

కింద ఏమని సంతకం చెయ్యాలో నాకు తెలియడం లేదు.


కళ్ళద్దాల షాపు పైగది

ఉత్తరం అందింది. పైన పిలుపు రాయలేదు. రాయబుద్ధి కాలేదు.

చదివి షాపుకి వెళ్ళాను. మధ్యాహ్నంలోగా రెండు అద్దాలు పగలగొట్టాను. యజమాని కేకలు వెయ్యబోయి, నన్ను చూసి, ఇంటికి పొమ్మన్నాడు.

ఆసుపత్రిలో ఆ రోజు ఆయన బట్టలు ఒక సంచిలో కట్టి నా చేతికి ఇచ్చారు. విప్పే ధైర్యం లేక అలాగే బీరువా పైన పెట్టాను. ఊరు మారినా సంచి వెంట తెచ్చుకున్నాను కానీ విప్పలేదు. నిన్న కుర్చీ వేసుకుని ఎక్కి దించాను. బెల్టుకి కొక్కెం, కొక్కేనికి ఎర్ర తాడు, దాని రెండో కొసన స్విచ్చిలో దూర్చే బిళ్ళ, అన్నీ ఉన్నాయి. ఆయన తగిలించుకున్నాడు. సరిగ్గా, నాకు నేర్పినట్టే తగిలించుకున్నాడు.

ఇన్ని నెలలూ అది నా నెత్తి మీదే ఉంది. నేను ఆ సంచి విప్పకుండా ఆఫీసు కాగితం నమ్మాను. తొమ్మిదేళ్ళు కాపురం చేసిన మనిషిని నమ్మలేదు. పొద్దున్నే లేచి ఆయన్ని తిట్టుకోవడంతోనే నా రోజు మొదలయ్యేది. నేను తిట్టుకున్నది చాలక కూతురికి కూడా నేర్పాను. ఇది నా తప్పు, మీది కాదు. మీది వేరే ఉంది.

వైరు పీకినందుకు మిమ్మల్ని ఏమనాలో నాకు తెలియదు. రద్దీలో, హడావిడిలో ఎవరైనా చేస్తారేమో. కానీ ఆ రెండు నెలలు? గువ్వ రిబ్బను సంగతి రాస్తే, కట్టుకోనివ్వకు అని ఊరికే సలహా రాశారు. నేను క్షమించలేను. ఇవాళ క్షమించలేను. రేపటి మాట నాకు తెలియదు.

ఏం చెయ్యమంటే అది చేస్తానన్నారు. బోటు ముట్టుకోకండి. ఆ వైరు అలాగే ఉండనివ్వండి. మీరు నాకు రాసినదంతా మీ చేత్తో మళ్ళీ రాసి విచారణ ఆఫీసులో ఇవ్వండి. తాడు నేను పార్సిల్లో వాళ్ళకే నేరుగా పంపుతున్నాను. కాగితంలోంచి ఆ "సొంత నిర్లక్ష్యం" అన్న మాట పోవాలి. అది పోయేదాకా నాకు ఉత్తరం రాయకండి.


రేవు,
వానలు వెలిసిన నెల

అమ్మాయీ,

నువ్వు చెప్పింది అయింది, కాబట్టి రాస్తున్నాను.

రాసినది పట్టుకుని మర్నాడే ఆఫీసుకి వెళ్ళాను. అదే ఆఫీసరు. మొత్తం చదివి కళ్ళజోడు తీసి, "ఎవరూ అడగలేదు కదా పెద్దాయనా, ఇప్పుడెందుకు తవ్వుతున్నావు?" అన్నాడు. "అడిగారండీ, బడి పుస్తకంలో అడిగారు" అన్నాను. ఆయనకి అర్థం కాలేదు. కుర్చీ చూపించాడు. నిలబడే మాట్లాడాను.

రెండు రోజుల తర్వాత ఇద్దరు మనుషులతో షెడ్డుకి వచ్చాడు. నేను తాళం తీసి బయట నిలబడ్డాను. పలక విప్పి ఫొటోలు తీశారు. టేపు ఎవరు చుట్టారని అడిగితే నేనే అని చెప్పాను. ఎలా చుట్టారో చూపించమన్నారు. వాళ్ళిచ్చిన వైరు ముక్క మీద చుట్టి చూపించాను. చెయ్యి తనంతట తనే కొస మడిచింది. ఆఫీసరు అది కూడా రాసుకున్నాడు.

నువ్వు పంపిన తాడు వాళ్ళకి చేరింది. పాత కాగితం నా ఎదుటే కొట్టేశారు, కొత్తది రాసి నీకు పంపుతామన్నారు. నా మీద కేసు ఉంటుందో ఉండదో పైవాళ్ళు తేల్చాలట. ఉంటే వెళతాను. లైసెన్సు బల్ల మీద పెట్టి వచ్చాను. బోటు నడిపే పని ఇక నాకు లేదు.

బోటుకి సీలు వేశారు. పైన టార్పాలిన్ కప్పడానికి మాత్రం ఒప్పుకున్నారు. బూజు పట్టకుండా గాలి ఆడేలా వెనక జానెడు సందు వదిలి కట్టాను. ఎలుకలు వైర్లు కొరక్కుండా కలరా ఉండలు చల్లాను. దాన్ని నువ్వు అమ్ముతావో ఉంచుతావో నీ ఇష్టం. ఎవరు తీసుకున్నా ఆ స్విచ్చి సంగతి ముందు చెప్పి ఇవ్వు.

రేవులో అందరికీ తెలిసింది. నేనే చెప్పాను. కొందరు పలకరిస్తున్నారు, కొందరు మానేశారు. పోయిన వారం వరకూ అందరూ నన్ను చూసి అయ్యో పాపం అనేవాళ్ళు. అది భరించడమే కష్టంగా ఉండేది.

నాకు జవాబు రాయకపోయినా ఫరవాలేదు. గువ్వ బస్సులో రిబ్బను కట్టుకోవడం మానేస్తే ఆ ఒక్క ముక్క కార్డు మీద రాసి పడెయ్యి చాలు.

ఇట్లు,
బోటు మాజీ డ్రైవరు


కళ్ళద్దాల షాపు పైగది,
పొడి ఎండలు మొదలైన వారం

గువ్వ తాతయ్యకి,

కొత్త కాగితం వచ్చింది. "ప్రమాద సమయమున భద్రతా తాడు ధరించియే ఉన్నారు. స్విచ్చి వైరు తొలగింపబడి ఉన్నందున ఇంజను ఆగలేదు." ఈసారి రెండు పంక్తులు రాశారు.

బడి నుంచి రాగానే గువ్వని కూర్చోబెట్టి చదివి వినిపించాను. ఆ మాటలు దానికి అర్థం కాలేదు. విడమరిచి చెప్పాను. "అయితే నాన్న కట్టుకున్నాడా?" అంది. కట్టుకున్నాడే అన్నాను. "మాట విన్నాడా?" అంది. విన్నాడు, అమ్మే తప్పు చెప్పింది అన్నాను.

 తర్వాత ఏడ్చింది. వాళ్ళ నాన్న పోయాక అది ఏడవడం ఇదే మొదటిసారి, మీకు తెలుసా? ఇన్నాళ్ళూ నాలాగే కోపంగా ఉంది, ఏడవడానికి తీరిక లేకపోయింది. నేనూ ఏడ్చాను. కింద షాపులోంచి యజమాని భార్య పరుగెత్తుకొచ్చి, ఏమైందో అడక్కుండా మా ఇద్దరి పక్కనా కూర్చుంది. ఫొటో గోడకి పెట్టాం. రిబ్బను మొన్నటి నుంచి జడకే ఉంటోంది. కార్డు మీద ఆ ముక్క ఒక్కటే రాసి ఊరుకుందామనుకున్నాను.

కానీ నిన్న అన్నం తింటూ అడిగింది. "అమ్మా, ఆ వైరు ఎవరు తీసేశారు?"

తెలియదు అని చెప్పవచ్చు. నోటిదాకా వచ్చింది. నిజం చెప్పవచ్చు, అదీ నోటిదాకా వచ్చింది. రెండూ మింగేశాను. నేను చెబితే నా కోపం కలిపి చెబుతాను. ఒకసారి అలా చెప్పే, పిల్లకి తండ్రిని లేకుండా చేశాను. ఇప్పుడు అదే నోటితో తాతని కూడా తీసెయ్యలేను. అలాగని మీ తరఫున నేను అబద్ధం ఆడను.

మీరే వచ్చి చెప్పండి. ఉత్తరంలో వద్దు. దాని ఎదురుగా కూర్చుని, ఆఫీసులో చెప్పినట్టు, వరసగా. విన్నాక అది ఏం చేస్తుందో నేను చెప్పలేను. అరవవచ్చు, మిమ్మల్ని వెళ్ళిపొమ్మనవచ్చు. అది పొమ్మంటే నేను ఆపను. ఉండమంటే నేనూ ఏమీ అనను. నా సంగతి నేను తర్వాత చూసుకుంటాను.

ఆదివారం పదిగంటల బస్సు ఎక్కండి. స్టాండులో దిగి ఎడమ చేతి వైపు మూడో వీధి, కళ్ళద్దాల షాపు పక్కనున్న మెట్లు. మెట్ల కమ్మీ వదులుగా ఉంది, పట్టుకోకుండా గోడ పట్టుకుని ఎక్కండి. వంట ముగ్గురికి చేస్తాను. ముందు చెప్పండి. భోజనం సంగతి ఆ తర్వాత.

ఆ వైరు సంగతి తాతయ్యకి తెలుసు, ఆదివారం వచ్చి చెబుతాడు అని గువ్వతో అన్నాను. అప్పట్నుంచీ ఎగురుతోంది. మీరు ఎక్కడ కూర్చోవాలో కూడా అదే తేల్చేసింది. తన పక్కనేనట.

కోడలు